తలగుడ్డ: ఉంది

నమోదు 1

ఈ రోజు నుంచి ఈ చిట్టా నేను రాయాలి. డాక్టర్ వాగ్దేవి గారు పుస్తకం నా చేతికిచ్చి, "జరిగింది రాయి రత్నం, జరగాల్సింది రాయకు" అన్నారు. మొదటి పేజీలో పేరు రాసుకున్నాను. మైలపల్లి నూకరత్నం, సహాయకురాలు, సిరల విభాగం, అంచు వైద్యశాల. మా ఇంట్లో పేరు రాయడం వచ్చిన మొదటి మనిషిని నేనే కాబట్టి కింద ఇంకోసారి రాశాను.

పొద్దున్న పని: లిఫ్టు దగ్గర తొమ్మిది చక్రాల కుర్చీలు తుడిచి వరసగా పెట్టాను. అంతరిక్షంలో చక్రంలా తిరిగే ఈ ఊరికి నడిమధ్యన ఇరుసు, చుట్టూ బరువుండే అంచు. ఇరుసు నుంచి దిగే తల్లులు ఇక్కడి బరువులో నిలబడలేరు. అక్కడ బరువే లేదు. తాళ్ళు పట్టుకుని తేలుతూ, బయట తిరిగే మంచు ముక్కలనూ ఇనుప ముక్కలనూ వలేసి లాగుతూ బతికిన కాళ్ళు అవి. పిల్లలు నయం. ఒక నెల కాళ్ళకు పట్టీలు వేస్తే నడిచేస్తారు. లిఫ్టు దిగడానికి నలభై నిమిషాలు. దిగేకొద్దీ బరువు పెరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. వాంతి డబ్బాలు ఇరవై సర్దాను, పద్దెనిమిది వాడారు.

తొమ్మిది మంది పిల్లలు. తొమ్మిది పొంగులు. అందరికీ మూసేశాం. సాయంత్రానికి అందరూ జావ తాగారు.

నమోదు 3

వైద్యశాలకు కొత్తగా వచ్చిన అంచు పిల్ల ఒకామె, "పొంగంటే ఏమిటక్కా, గడ్డా?" అని అడిగింది. గడ్డ కాదు. తల చర్మం కింద ఉండే సిర ఒకటి, పుర్రెలోని సన్నని రంధ్రం గుండా లోపలి పెద్ద సిరతో కలిసిపోయి ఉంటుంది. వంగినా, ఏడ్చినా మెత్తగా ఉబ్బుతుంది. బరువున్న చోట నిటారుగా కూర్చుంటే అణిగి కనబడకుండా పోతుంది. అంచులో ఇది ఎక్కడో ఒకరికి. ఇరుసులో పుట్టినవాళ్ళలో ఇంటికొకరికి. అక్కడ అణిగేది ఉండదు, ఎప్పుడూ ఉబ్బే ఉంటుంది.

పొంగు ఉన్న పిల్లల్ని అంచు బడిలో చేర్చుకోరు. పడి తలకు దెబ్బ తగిలితే నెత్తురు ఆగదని భయం. ఇరుసులో బడి లేదు. కాబట్టి చదువు కావాలంటే పొంగు మూయించుకోవాలి.

నాకు తొమ్మిదో ఏట కత్తితో చేశారు. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా మచ్చ. ఎంత నూనె రాసి దువ్వినా పాపిట దగ్గర తెలిసిపోతుంది. బడిలో నన్ను కుట్టుతల అనేవాళ్ళు. ఇప్పుడు కత్తి లేదు, కుట్టు లేదు. చర్మం మీంచి వెంట్రుకంత సూది. దానిలోంచి రంగు నీళ్ళు పోసి, తెర మీద సిర ఎటు పోతోందో చూసి, రంధ్రం దగ్గర మందు వదులుతారు. అది గట్టిపడి సిరను మూసేస్తుంది. గుండు కూడా కొట్టరు. ఆ పిల్లల్ని ఎవరూ కుట్టుతల అనలేరు. ఈ పని చేస్తున్నందుకు నాకు గర్వంగా ఉంది. ఇది జరిగిందే కాబట్టి రాశాను.

నమోదు 4

చాలా రోజులుగా మనసులో ఉన్న సంగతి ఈ రోజు డాక్టర్ గారికి చెప్పాను.

సెలవుకి ఇరుసుకి వెళ్ళినప్పుడల్లా నాకు తలనొప్పి. రెండు గంటలు దాటితే కళ్ళ ముందు మసక. లిఫ్టెక్కి అంచుకి దిగగానే తగ్గిపోతుంది. మా అమ్మ "సదువుకున్నాక మా కంపు పడట్లేదు నీకు" అంటుంది. అంచు వైద్యులు దీనికి ఇంటి బెంగ అని పేరు పెట్టారు, రికార్డుల్లో ఆ మాటకో సంఖ్య కూడా ఉంది. కానీ మా మేనమామ కొడుకు అప్పన్నకి కూడా మూశారు. వాడికి ఏ నొప్పీ లేదు.

వాడికీ నాకూ తేడా ఒక్కటే. ఇరుసులో ఏడేళ్ళు నిండిన పిల్లల్ని వల పనికి తీసుకెళ్ళేముందు తలకు గుడ్డ బిగించి కడతారు. దాని మీదే శిరస్త్రాణం పెట్టుకోవాలి. కొందరు పిల్లలు హాయిగా కట్టించుకుంటారు. కొందరు పది నిమిషాలకే కక్కుకుని, తల పట్టుకుని ఏడుస్తారు. వాళ్ళని విప్పుతలలంటారు. అదేమీ అవమానం కాదు, వాళ్ళకి లోపల కూర్చుని వలలు అల్లే పనిస్తారు. బతికినన్నాళ్ళూ తలకు గుడ్డ తగలనివ్వరు. అప్పన్న గుడ్డ కట్టినవాడు. నేను విప్పుతలని.

డాక్టర్ గారు పెన్ను కింద పెట్టేశారు.

"అంటే గుడ్డ కట్టినప్పుడు పొంగు నొక్కుకుపోతుంది. మెదడు నుంచి రక్తం బయటికి రావడానికి వేరే దారి ఉన్నవాళ్ళు తట్టుకుంటారు. పొంగే అసలు దారైనవాళ్ళు తట్టుకోలేరు. మీవాళ్ళు ఎప్పటి నుంచో ఈ పరీక్ష చేస్తున్నారన్నమాట."

"మనం కూడా పది నిమిషాలు వేలితో నొక్కి చూస్తాం కదండీ మేడమ్?"

"చూస్తాం. బరువులో, కుర్చీలో. మీ పిల్లలు ఇక్కడ వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు కాబట్టి కూర్చోబెట్టి చూస్తాం. కూర్చుంటే రక్తం మెడలోంచి తనంతట తనే దిగిపోతుంది. అందుకే అందరూ నెగ్గుతారు." ఆవిడ కాసేపు తెర వైపు చూశారు. "బరువు లేని చోటే పరీక్షించడానికి ఈ తెర యంత్రాన్ని ఇరుసుకి తీసుకెళ్ళనివ్వమని రాస్తాను. ఒప్పుకోరు. ఈలోగా నీ ప్రశ్న ఫారంలో పెడదాం."

నమోదు 7

ఫారం అచ్చయి వచ్చింది. పదకొండో ప్రశ్న: తలగుడ్డ ఉందా? ఉంది, లేదు. లేదు అయితే మూయకూడదు, బడి సీటు తదుపరి పరీక్ష వరకు నిలిపివేయాలి. పరీక్ష ఎప్పుడో రాయలేదు. యంత్రం ఇరుసుకి వెళ్ళదని ఫారంతో పాటు వచ్చిన ఉత్తరంలో ఉంది.

ఆ ఫారం ఒకటి తీసుకుని ఇరుసుకి వెళ్ళి మా అమ్మకి చూపించాను. అమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"ఇందులో నీ మాటెక్కడుందే?"

"ఇదిగో, ఇక్కడ."

"ఇంత సిన్నగానా?" అని నవ్వి, వేలితో ఆ ముక్క నిమిరింది. పక్కింటివాళ్ళని పిలిచి చూపించింది. అప్పటికి నాకు నొప్పి మొదలైంది. తాడు పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఈసారి "కంపు పడట్లేదు" అనలేదు అమ్మ. "ఎల్లు, బేగి దిగిపో" అంది.

నమోదు 9

మేనేజరు పరంధామయ్య గారు పిలిచారు. లిఫ్టులో అంచువాళ్ళు కూడా ప్రయాణిస్తారు. పిల్లల తలల మీద ఉబ్బిన పొంగులు చూసి ఒకామె స్పృహ తప్పిందట, ఇంకొకాయన ఫిర్యాదు రాశాడట.

"మీ భాషలో ఒక నోటీసు రాసి పెట్టమ్మా. లిఫ్టులో పిల్లల తలలు కప్పుకోమని. నువ్వు రాస్తే వాళ్ళకి నచ్చుతుంది."

"మా భాషా మీ భాషా ఒకటేనండీ."

"అదే, మీ యాసలో."

కోపం వచ్చింది, కానీ రాశాను. మూడు చిత్తుప్రతులు చేశాను. అమ్మా, అయ్యా, లిఫ్టులో వొచ్చీటప్పుడు పిల్లల తలకి గుడ్డ సుట్టండి, నలుగురూ సూసి ఏటీ అనకుండా మన మర్యాద మనం కాపాడుకుందారి. పెద్ద అక్షరాలతో ఇరుసు లిఫ్టు తలుపు పక్కన అతికించాను. చదవడం రానివాళ్ళకి అప్పన్న చదివి వినిపిస్తాడు. మా అమ్మ రోజూ అటు వెళ్ళి చూసి వస్తోందని వాడే చెప్పాడు. ఈసారి అక్షరాలు పెద్దవి.

నమోదు 12

పదకొండు మంది పిల్లలు. ఊపిరి తీసుకునే తీరిక లేదు.

ఎనిమిదో పిల్ల బంగారి. వయసు ఎనిమిది. తల్లి దానమ్మ. కుర్చీలో కూర్చుని పడిపోతానేమోనన్నట్టు రెండు చేతులతో దాని కమ్మీలు పట్టుకుంది దానమ్మ, కానీ నోరు ఆగలేదు.

"ఓలమ్మా, మీరందరూ రోజూ ఇంత బరువు మోసుకుని తిరుగుతారేటే? మీకేటి కర్మ?"

బంగారి నెత్తిన ఎర్రగుడ్డ, చెవుల దాకా శుభ్రంగా చుట్టి ఉంది. మాటిమాటికీ దాన్ని పైకి తోసుకుంటోంది. డబ్బాలో వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, నా తల వైపు చూసింది. ఇరుసులో అక్కని అప్పా అంటారు.

"అప్పా, నీ తల మీద ఆ గీతేటి?"

"నాకు కత్తితో చేశారు. నీకు సూదితోనే."

"అయితే నాకు గీత రాదా?" మొహం చిన్నబుచ్చుకుంది. "నాకూ గీత కావాల."

"ఇదిలాగే ఉంటాదమ్మా, ఎదుటోళ్ళకి ఉన్నవన్నీ కావాల," అంది దానమ్మ. "దీన్ని బళ్ళో ఎట్టీండి సాలు. అచ్చరాలన్నీ తినీసి ఊరుకుంటాది."

ఫారం నింపాను. డాక్టర్ గారు లోపలి నుంచి, "పదకొండో ప్రశ్న?" అని అడిగారు. "ఉంది మేడమ్" అన్నాను. కూర్చోబెట్టి పది నిమిషాలు నొక్కి చూశారు. పిల్ల కాళ్ళూపుతూ అంకెలు లెక్కపెట్టింది, ముప్ఫై వరకే వచ్చు. రంగు నీళ్ళు, తెర, మందు. సూది దిగినప్పుడు నా చెయ్యి పట్టుకుంది. మొత్తం ఇరవై ఆరు నిమిషాలు. చర్మం మీద ఎర్రటి చుక్క ఒకటి మిగిలింది.

"గీత రాలేదు," అంది బంగారి అద్దంలో చూసుకుని.

నమోదు 15

బంగారి నడుస్తోంది. బడిలో చేరింది. పంతులమ్మ పలక మీద గీసిన మొదటి అక్షరం చూసి బంగారి, "ఇది వలకొక్కెంలా ఉంది" అందట. నొప్పి లేదు. అణిగిన చోట మళ్ళీ ఉబ్బలేదు. విజయవంతం అని రాశాను.

నమోదు 19

వలల పండక్కి పిల్లల్ని మూడు రోజులు ఇరుసుకి పంపారు. రెండో రోజు మధ్యాహ్నం అప్పన్న రేడియోలో పిలిచాడు.

"అప్పా, దానమ్మ కూతురు కక్కుతోంది. తల పగిలిపోతందని ఏడుత్తంది."

"ఎప్పటి నుంచి?"

"నిన్న ఒచ్చిన కాడి నుంచీ. పెద్దోళ్ళు ఇంటి బెంగన్నారు."

"ఇంటికొచ్చాక ఇంటి బెంగేంట్రా!" అని అరిచాను. "వెంటనే లిఫ్టెక్కించు. వెంటనే."

లిఫ్టు అప్పటికే బయల్దేరిపోయింది. తర్వాతిది నాలుగు గంటల తర్వాత. నేను కింద తలుపు దగ్గర నిలబడ్డాను. తలుపు తెరుచుకునేసరికి బంగారి కుర్చీలో ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. "అప్పా" అని నన్ను పిలిచింది, కానీ చూపు నా పక్కనున్న గోడ వైపు ఉంది.

నమోదు 20

డాక్టర్ గారు కళ్ళు చూశారు. తలలో ఒత్తిడి పెరిగి కంటి వెనక నరం వాచిపోయింది. బరువులో ఒత్తిడి తగ్గుతోంది, ప్రాణానికి భయం లేదు. చూపు మధ్యలో కొంత మిగులుతుంది, పక్కలు పోయాయి. గొట్టంలోంచి చూసినట్టు చూస్తుంది. మూసిన సిరను తెరవలేరు. గట్టిపడిన మందు రాయి. ఇక జన్మలో ఇరుసుకి వెళ్ళకూడదు.

దానమ్మ నేల మీద పక్కకి ఒత్తిగిలి పడుకుని ఉంది. కుర్చీలో గంటకన్నా ఎక్కువసేపు కూర్చోలేదు. నేను పక్కన కూర్చున్నాను.

"పిన్నీ, బంగారి గుడ్డ కట్టుకునేది కదా? వలకి వెళ్ళేది కదా?"

"అదెక్కడ కడతాదమ్మా? ఏడో ఏట కడితే ఊళ్ళో ఉన్నోళ్ళందరూ పరిగెత్తుకొచ్చీలా ఏడ్సింది. అది విప్పుతలే. వలలల్లుద్ది."

"మరి ఆ రోజు ఎర్రగుడ్డ?"

దానమ్మ నా వైపు వింతగా చూసింది.

"నువ్వే కదా కాయితం ఎట్టినావు. తలకి గుడ్డ సుట్టమని, మర్యాదని. లిఫ్టు తలుపు కాడ సుట్టీసినాను. వదులుగా. దిగీదాకా తీసీమని ఏడుత్తానే ఉంది. నీ మాట మీద ఉంచినాను."

ఆ తర్వాత ఏమన్నదో నాకు వినపడలేదు. వినపడకపోవడం కూడా జరిగిందే, రాస్తున్నాను.

నేను అడగలేదు. ఇరుసులో నెత్తిన గుడ్డ ఉన్న మనిషిని "నువ్వు గుడ్డ కడతావా" అని ఎవరూ అడగరు, నవ్వుతారు. కంటికి కనిపిస్తోంది కదా. చూశాను, టిక్కు పెట్టాను. ఆ ప్రశ్న నాదే. ఆ నోటీసు నాదే. రెండూ నా చేతిరాతలోంచే వచ్చాయి, ఒకదానికొకటి ఎదురుపడ్డప్పుడు నేను అక్కడే ఉన్నాను.

డాక్టర్ గారికి చెప్పాను. ఆవిడ బంగారి ఫారం తీసి పదకొండో ప్రశ్న చూశారు. తర్వాత, "నేనైతే అడిగేదాన్నేమో," అన్నారు మెల్లగా. "నాకు మీ సంగతులు తెలియవు కాబట్టి." తిట్టి ఉంటే బాగుండేది.

నమోదు 22

పరంధామయ్య గారు చిట్టా తెప్పించుకున్నారు. నా ముందే చదివారు.

"ఇరవయ్యో నమోదు తీసెయ్యమ్మా. ఇంటి బెంగ అని రాసి పక్కన దాని సంఖ్య వేసెయ్యి. నీకూ మంచిది. చదువుకున్నదానివి, ముందు చాలా భవిష్యత్తు ఉంది."

"అది జరగలేదండీ."

"ఏది జరగలేదు?"

"ఇంటి బెంగ."

ఆయనకి కోపం రాలేదు. దానికే నాకు భయమేసింది. ఫారం తీసి పదకొండో ప్రశ్న కింద ఒక గీత గీశారు. "సరే, ఇక నుంచి తల్లి వేలిముద్ర వేయించు. ఉంది అని ఆవిడే చెప్పినట్టు. అప్పుడు నీ మీదా రాదు, మా మీదా రాదు." యంత్రం ఇరుసుకి పంపే విషయం అడిగాను. అది బరువు లేని చోట నిలవదన్నారు. నోటీసు తీసేస్తానన్నాను. ఫిర్యాదులు మళ్ళీ వస్తాయన్నారు.

ఇరవయ్యో నమోదు తీయలేదు. కింద ఇది కలిపాను: తలగుడ్డ: ఉంది. అడగకుండా రాసినది: మైలపల్లి నూకరత్నం.

ఈసారి పేరు ఒక్కసారే రాశాను.

నమోదు 24

దానమ్మ ఇరుసుకి వెళ్ళిపోయింది. ఇక్కడ ఇంకో వారం ఉంటే ఆవిడ గుండె ఆగుతుందన్నారు. నెలకోసారి దిగొచ్చి గంటసేపు నేల మీద పడుకుని కూతుర్ని చూసుకోవచ్చని అనుమతి రాసిచ్చారు. బంగారి పలకని ముక్కుకి ఆనించుకుని రాస్తోంది. వాళ్ళమ్మ పేరు ఎలా రాయాలని అడిగింది. నేర్పాను. లిఫ్టు వైపు ఎప్పుడు వెళ్తామని అడిగింది. నేర్పడానికి ఏమీ లేక బలపం చెక్కిచ్చాను.

నమోదు 27

ఒక ఉపాయం ఆలోచించాను. పిల్లల విడత దిగే రోజు నేనే ఇరుసుకి వెళ్తాను. లిఫ్టు తలుపు దగ్గర, తల్లులు గుడ్డ చుట్టకముందే పిల్లల తలలు చూస్తాను, అడుగుతాను. నా తల రెండు గంటలు తట్టుకుంటుంది. ఎక్కించడానికి అది చాలు. డాక్టర్ గారు సరేనన్నారు. సెలవు కింద రాసుకోమన్నారు.

ఈ రోజు మొదటిసారి వెళ్ళాను. నా నోటీసు ఇంకా అక్కడే ఉంది, అంచులు నలిగాయి. కళ్ళ వెనక అప్పుడే సలుపు మొదలైంది. తాడు పట్టుకుని నిలిచాను. ఏడుగురు పిల్లలు తేలుతూ వచ్చారు.

ఏడుగురికీ తలగుడ్డలున్నాయి. బిగించి, వెనక ముడేసి, వలకెళ్ళేవాళ్ళు కట్టినట్టే.

ఏడేళ్ళ పిల్ల ఒకతె పళ్ళు బిగపట్టి కళ్ళు మూసుకుని ఉంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. నేను పిల్ల దగ్గరికి వెళ్ళి ముడి మీద చెయ్యి వేశాను. తల్లి నా చెయ్యి పట్టుకుంది.

"తీయకమ్మా."

"పిన్నీ, దీనికి నొప్పిగా ఉంది. ఈ పిల్ల విప్పుతల."

"విప్పుతలని ఎవులన్నారు? రెండు నెల్ల నుంచీ అలవాటు సేత్తన్నాను. ముందు పొద్దస్తమానం కక్కీది. ఇప్పుడు ఒక్కసారే కక్కుతాది."

"మూస్తే చూపు పోతుంది. దానమ్మ కూతుర్ని చూశావు కదా."

"సూసినాను," అంది ఆమె. "బళ్ళో ఉంది కదా."

నేను ముడి విప్పాను. పిల్ల తల మీద పొంగు నిండుగా లేచింది. పిల్ల గట్టిగా ఊపిరి పీల్చుకుని కళ్ళు తెరిచింది, నవ్వబోయింది. తల్లి వైపు చూసి ఆపుకుంది.

"నువ్వు సదువుకున్నావు," అంది తల్లి, గొంతు పెంచకుండా. "నీకూ ఇలాగే మూసినారు. నువ్వు కాయితాలు రాత్తన్నావు. నా పిల్లకి లేదు అని రాత్తావా?"

నాకు మసక మొదలైంది. ఆమె మొహం చుట్టూ అంతా పోయి, మధ్యలో మొహం ఒక్కటే మిగిలింది. ఆ గుడ్డ ఇంకా నా చేతిలోనే ఉంది.

లేదు అని రాశాను.

ఆమె నా చేతిలోంచి గుడ్డ లాక్కుని, లిఫ్టు తలుపు మూసుకునేలోపు, మళ్ళీ పిల్ల తలకి బిగించి కట్టింది. కింద వేరే సహాయకురాలు ఉంటుంది. ఇంకో ఫారం ఉంటుంది. వేలిముద్ర తల్లిదే.